కడుపునొప్పి తాళలేక

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తరచూ కనిపిస్తుంది. నాలుగైదు లైన్లకు మించదు. ఫలానా మండలం ఫలానా గ్రామానికి చెందిన వివాహిత కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతోందనీ, ఆ నొప్పి తాళలేక బలవన్మరణానికి పాల్పడిందనీ, తండ్రి ఫిర్యాదు మేరకు పోలీసులు కేసు నమోదు చేశారనీ రాస్తారు. ఊరు మారుతుంది, వయసు మారుతుంది, కడుపునొప్పి మాత్రం మారదు. ఇంతమందిని బలిగొంటున్న ఈ జబ్బు ఏమిటని కొత్తగా పేపరు చదివేవాళ్ళకి అనుమానం రావాలి. అలవాటు పడ్డవాళ్ళకి అది కూడా రాదు.

ఆ వాక్యం పూర్తిగా అబద్ధమేమీ కాదు. చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న వెల్లూరు ప్రాంతపు పల్లెల్లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు వరసగా జరిగిన వంద ఆత్మహత్యలను తీసుకుని, ఇంటివాళ్ళతో మాట్లాడి లోతుగా పరిశీలించారు. 2010లో వచ్చిన ఆ అధ్యయనంలో ఆత్మహత్య ముప్పును పెంచిన అంశాల్లో తెరిపి లేని జీవిత ఒత్తిడితో పాటు దీర్ఘకాలపు నొప్పి కూడా ఉంది. సరైన వైద్యం అందక, ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్ళలతో ఏళ్ళు నెట్టుకొచ్చే నడుంనొప్పి, కడుపునొప్పి మనిషిని నిజంగానే కుంగదీస్తాయి. అయితే పోలీసు స్టేషన్‌లో ఈ వాక్యానికి ఇంకో ఉపయోగం ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల ఇలా చనిపోతే తహసీల్దారు వచ్చి శవపంచనామా చేయాలని చట్టం. వరకట్నం కేసు అవుతుందేమోనని అత్తింటివాళ్ళకి భయం. మనవడి భవిష్యత్తు ఏమవుతుందోనని పుట్టింటివాళ్ళకి బెంగ. మధ్యలో పెద్దమనుషులు కూర్చుంటారు. కట్నంగా పెట్టింది ఎంత తిరిగివ్వాలి, పిల్లాడి పేర ఎంత రాయాలి అన్న మాటలు నడుస్తాయి. చివరికి ఫిర్యాదులో కడుపునొప్పి మిగులుతుంది. రెండు పక్షాలూ అభ్యంతరం లేకుండా సంతకం పెట్టగల కారణం అదొక్కటే.

చనిపోయినవాళ్ళ లెక్కే ఇలా ఉంటే, ప్రయత్నించి బతికినవాళ్ళ లెక్క అసలు లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం ఏడాది దాకా జైలు వేయదగ్గ నేరం. 2017 మానసిక ఆరోగ్య చట్టం దానికి అడ్డుకట్ట వేసింది. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్ష కాదు, సంరక్షణ ఇవ్వాలని అంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి అలాంటి ప్రయత్నం చేయడం మాత్రం కొత్త చట్టంలోనూ నేరమే. అంటే పాసు పుస్తకం కోసం ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి చివరికి కలెక్టరేట్ ముందు తెగించిన రైతు ఇప్పటికీ ముద్దాయే. ఊళ్ళకు చట్టాలు ఆలస్యంగా చేరతాయి, భయాలు ఆలస్యంగా పోతాయి. అందుకే 108లో ఎక్కించుకొచ్చిన మనిషి గురించి డ్యూటీ డాక్టరు అడిగితే, మంచినీళ్ళనుకుని పొరపాటున తాగాడనే చెబుతారు. పోలీసులకు వెళ్ళే మెడికో లీగల్ (ఎమ్మెల్సీ) కేసు రాయకండి సార్ అని బతిమాలతారు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో మన దేశంలో ఆత్మహత్యలు 1,70,924. ఒక్క మరణం వెనక ఇరవైకి పైగా ప్రయత్నాలు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంచనానే మనకూ వేసుకుంటే ఏటా 34 లక్షల మంది. ఆ మరణాల అంకె కూడా పైపైనే ఉండిపోయింది అనడానికి వెల్లూరులోనే ఇంకో సాక్ష్యం ఉంది. అక్కడి కనియంబాడి బ్లాకులో లక్ష మంది జనాభాలో ప్రతి చావునీ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నమోదు చేశారు. 1994 నుంచి 1999 వరకు అక్కడ ఏటా లక్షకు 95 మంది ఆత్మహత్యతో పోయినట్టు తేలింది. ప్రభుత్వ లెక్కలో అప్పట్లో దేశ సగటు లక్షకు పది, పదకొండు.

ఈ అధ్యాయంలో రెండు ప్రశ్నల్ని విడివిడిగా పట్టుకుని నడుస్తాను. మనిషి అంత దూరం ఎందుకు వెళ్ళాడన్నది ఒకటి. వెళ్ళినవాడు వెనక్కి ఎందుకు రాలేకపోయాడన్నది రెండోది. మామూలు మాటల్లో ఈ రెండూ కలిసిపోతాయి. చచ్చిపోయేంత కష్టం ఉంది కాబట్టే చచ్చిపోయాడు అంటాం. పల్లెల విషయంలో ఆ వాక్యం చాలా వరకు తప్పు.

ఆత్మహత్యల అధ్యయనానికి పునాది వేసినవాడు ఎమిల్ దుర్కైమ్. 1897లో ఆత్మహత్య మీద ఆయన ఫ్రెంచిలో రాసిన పుస్తకం సమాజశాస్త్రానికే ఒక మొదలు. దాని కోసం రమారమి 26 వేల మరణాల రికార్డుల్ని వయసు వారీగా, పెళ్ళి వారీగా విడగొట్టి పెట్టినవాడు ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్. మనిషిని నలుగురితో కట్టి ఉంచే బంధాలు వదులైనకొద్దీ ఆత్మహత్యలు పెరుగుతాయని దుర్కైమ్ తేల్చాడు. పెద్ద కుటుంబం, మతం, పెళ్ళి, పాతకాలపు ఊరు మనిషిని కాపాడతాయి. నగరం, ఒంటరితనం, ఇష్టారాజ్యం అతన్ని చావు వైపు తోస్తాయి. అప్పటి ఐరోపా అంకెలు దానికి సరిపోయాయి కూడా.

ఆసియాలో లెక్క తిరగబడింది. పది లక్షల మరణాల అధ్యయనం అని మన దేశంలో జరిగిన భారీ సర్వే ఆధారంగా 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం పల్లెల్లో ఆత్మహత్యల రేటు పట్టణాల కంటే దాదాపు రెట్టింపు. దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. 1990ల చివర్లో చైనాలో పల్లెల రేటు పట్టణాలకు మూడు రెట్లు. కాపాడతాయనుకున్న ఉమ్మడి కుటుంబం, కులం, ఊరు, గుడి అన్నీ ఉన్నచోటే ఇలా ఎందుకైంది?

విచిత్రమేమంటే జవాబు కూడా దుర్కైమ్ పుస్తకంలోనే ఉంది. కాకపోతే ఒక ఫుట్‌నోట్‌లో ఉంది. బంధం వదులైతే ఎలా ప్రమాదమో, ఊపిరి ఆడనంత బిగిస్తే కూడా అలాగే ప్రమాదమని, బానిసల్లో, మరీ చిన్న వయసులో పెళ్ళయిన మగవాళ్ళలో, పిల్లలు లేని వివాహితల్లో ఇది కనిపిస్తుందని అక్కడ రాశాడు. ఈ రోజుల్లో దీనికి పెద్ద ప్రాముఖ్యం లేదని కూడా చేర్చాడు. అప్పట్లో బోర్డోలో కూర్చున్నవాడికి అలా అనిపించడంలో వింత లేదు. మన పల్లెల కథ మాత్రం చాలా మటుకు ఆ ఫుట్‌నోట్‌లోనే పట్టేస్తుంది.

ఊళ్ళో బంధాలు ఎలా పెనవేసుకుని ఉంటాయో చూడండి. పట్నంలో అప్పిచ్చినవాడు వేరు, పక్కింటివాడు వేరు, చుట్టం వేరు, పనిచ్చే యజమాని వేరు. ఒకచోట తల దించుకోవలసి వచ్చినా ఇంకోచోట ఎత్తుకుని తిరగొచ్చు. పల్లెలో ఈ నాలుగు వేషాలూ ఒకే మనిషివి. వరంగల్ పత్తి ప్రాంతంలో విత్తనాలు, ఎరువు, పురుగుల మందు ఉద్దెరకిచ్చేది ఒకే కొట్టు. పంట చేతికొచ్చాక పత్తి కొనుక్కునేదీ చాలాసార్లు అతనే, ధర కట్టేదీ అతనే. అతను కులంవాడో, బావమరిది స్నేహితుడో కూడా అయి ఉంటాడు. బ్యాంకు నోటీసు పోస్టులో వస్తుంది, చూరులో దోపుకోవచ్చు. ఉద్దెర ఇచ్చినాయన మాత్రం స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. కూతురి పెళ్ళిచూపులు జరిగే వారమే వస్తాడు. రైతును కుంగదీసేది అప్పు మొత్తం ఒక్కటే అయితే లక్ష కంటే అయిదు లక్షల అప్పున్నవాడికి అయిదింతలు ముప్పు ఉండాలి. అలా ఉండదు. అప్పు నలుగురి నోళ్ళలో పడే క్షణం ఒకటుంటుంది. చాలా కుటుంబాలు తర్వాత చెప్పేది ఆ క్షణం గురించే. "డబ్బు గురించి కాదండీ, మాట పడ్డాడు" అంటారు.

2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల గొడవ ఇదే కీలు మీద తిరిగింది. ఆ అప్పులకు తాకట్టు ఏమీ లేదు. తాకట్టల్లా గ్రూపులోని మిగతా ఆడవాళ్ళు. ఒకామె వాయిదా కట్టకపోతే మిగిలినవాళ్ళ మీద పడుతుంది కాబట్టి, నిన్నటిదాకా కలిసి కలుపు తీసినవాళ్ళే ఆమె ఇంటిముందు కూర్చునేవారు. ఏజెంటు తిట్టక్కర్లేదు. ఊరి సిగ్గునే వసూలు యంత్రంగా వాడుకున్నారు. మరణాల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. బంధాలు మనిషిని కాపాడతాయన్న సిద్ధాంతానికి ఇంతకంటే చేదు వ్యాఖ్యానం నాకు తెలియదు.

ఇక్కడే రైతు ఆత్మహత్యల చర్చలోకి వెళ్ళక తప్పదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు మొదటిసారి ఈ వార్తలు గట్టిగా వినిపించాయి. 1997-98లో వరంగల్‌లో లద్దెపురుగు మీద మందులు పనిచేయక పంట పోయినప్పుడు దేశమంతా విన్నది. ఆ తర్వాత మాట్లాడేవాళ్ళు రెండు జట్లయ్యారు. ఇదంతా వ్యవసాయ విధానం చేసిన హత్యలని ఒక జట్టు, తాగుడు, కుటుంబ కలహాలు, మానసిక బలహీనత అని ప్రభుత్వాల వైపు జట్టు. రెండో జట్టు వాదనకు పాశ్చాత్య అధ్యయనాల బలం కొంత ఉంది. అక్కడ ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో 90 శాతానికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉందని చెబుతాయి. వెల్లూరు పల్లెల్లో అది 37 శాతమే. అందులోనూ తాగుడు వ్యసనం, కష్టాన్ని తట్టుకోలేక వచ్చే తాత్కాలికమైన కుంగుబాటు పెద్ద భాగం. జబ్బు లేదని కాదు, జబ్బు ఒక్కటే కాదని. రెండో జట్టు చెప్పే తాగుడూ ఇంటి గొడవలూ నిజంగా ఉన్నవే. కాకపోతే అవి అప్పుకు పోటీ కారణాలు కావు. ఎండిన బోరు, దాని మీద వడ్డీ, దాని మీద సారా, దాని మీద గొడవ, దాని మీద పుట్టింటికి వెళ్ళిపోయిన భార్య... ఇందులో ఏది కారణమో ఒకే గడిలో రాయమని ఫారం అడుగుతుంది. కానిస్టేబుల్ రాస్తాడు: కుటుంబ సమస్యలు. 2022 జాతీయ లెక్కలో ఆ గడిలో పడ్డవి 31.7 శాతం.

ఆ ఫారంలో వృత్తి అని ఇంకో గడి ఉంది. 2022లో రైతుల గడిలో పడ్డవి 5,207. వాళ్ళలో స్త్రీలు 208 మంది. నాట్లు, కలుపు, పత్తి తీత, పశువుల పని చేసేది ఎవరో తెలిసినవాళ్ళు ఈ అంకెను రెండోసారి చదువుకుంటారు. పట్టా లేని ఆడమనిషి రైతు కాదు కాబట్టి ఆమె గృహిణి గడిలోకి వెళుతుంది. ఆ ఏడాది చనిపోయిన 48 వేల పైచిలుకు స్త్రీలలో సగానికి పైగా ఆ గడిలోనే ఉన్నారు. కౌలుదారుదీ ఇదే గతి. రైతు స్వరాజ్య వేదిక 2018లో తెలంగాణలో ఏడువందల దాకా కుటుంబాలను సర్వే చేస్తే చనిపోయినవాళ్ళలో నాలుగింట మూడు వంతులు కౌలు రైతులు. తెలంగాణ అదే ఏడాది తెచ్చిన రైతు బీమా తమ పేర భూమి ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది. పరిహారం కోసం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి కూర్చునే త్రిసభ్య కమిటీ ముందు ఆ ఇంటి ఇల్లాలు పాసు పుస్తకం, అప్పు కాగితాలు, పోస్టుమార్టం రిపోర్టు పెట్టి తన భర్త 'నిజమైన' రైతేనని రుజువు చేయాలి. కౌలు నోటిమాట, అప్పు నోటిమాట. చూపించడానికి ఏముంటుంది?

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. పెళ్ళి మనిషిని కాపాడుతుందని దుర్కైమ్ అన్నప్పుడు, ఆ రక్షణ మగవాడికే ఎక్కువని తనే ఒప్పుకున్నాడు. మన దేశంలో అది మరీ స్పష్టం. 2012 నాటి ఆ లాన్సెట్ అంచనా ప్రకారం ఆత్మహత్యతో పోయిన స్త్రీలలో 56 శాతం 15 నుంచి 29 ఏళ్ళ మధ్యవాళ్ళే. చదువు ఆగిపోవడం, పెళ్ళి, ఊరు మారడం, కాన్పులు అన్నీ జరిగిపోయే వయసది. 1990ల చైనాలో ఇంకో వింత ఉండేది. ప్రపంచమంతటా ఆత్మహత్యలు మగవాళ్ళలో ఎక్కువ, చైనాలో ఆడవాళ్ళలో పాతిక శాతం ఎక్కువ. పల్లెటూరి కోడళ్ళవే అందులో పెద్ద భాగం. తర్వాతి పదిహేనేళ్ళలో ఆ దేశపు రేటు సగానికి పైగా పడిపోయింది. అందరికంటే ఎక్కువగా తగ్గింది పల్లెటూరి యువతుల్లోనే. ఈ మధ్యలో అక్కడ మానసిక వైద్యులు ఊరూరా వెలిసిందేమీ లేదు. అమ్మాయిలు ఫ్యాక్టరీ పనులకు పట్టణాలకు పోయారు. అత్తగారింటి నుంచి, పెట్టుపోతల గొడవల నుంచి దూరం దొరికింది, చేతిలో సొంత జీతం పడింది, పురుగుల మందు డబ్బా ఊళ్ళోనే ఉండిపోయింది. పరిశోధకులు చెప్పే ముఖ్యమైన వివరణల్లో ఇదొకటి. పట్టణాలు మనిషిని చెడగొడతాయని బెంగపడే మన పెద్దలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

శ్రీలంక పల్లెల్లో జీన్ మరెచెక్, చాందనీ సేనాధీర అనే పరిశోధకులు ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన అమ్మాయిలతోనూ వాళ్ళ తల్లులతోనూ మాట్లాడారు. చాలా కథల్లో సంఘటనకు కాస్త ముందు ఒక గొడవ ఉంది. ఎవరితోనో మాట్లాడుతూ కనిపించిందని తల్లి తిట్టడం, అన్న కొట్టడం, కుటుంబం పరువు తీశావని నలుగురిలో అనడం. వాళ్ళ కోపానికి, అవమానానికి ఇంట్లో చోటు లేదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు. అలాంటిచోట ఈ చర్యలో చావాలన్న కోరికతో పాటు, ఒక్కోసారి దానికంటే బలంగా, నా మాట వినండి అన్న ఆక్రోశం ఉంటుంది. దీన్ని చూసి 'బెదిరించడానికి చేసింది' అని ఈసడించే నర్సులు, బంధువులు మన ఆసుపత్రుల్లోనూ ఉన్నారు. ఇంట్లో మాట చెల్లనివాళ్ళకి ఎదుటివాణ్ణి వినేలా చేయడానికి ఊరు ఇంకే దారి మిగిల్చిందో కూడా ఆ ఈసడింపులో చెబితే బాగుండేది. దారి ఉన్నప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో అదే తాగుడు, అవే దెబ్బలు, అదే ఖాళీ గిన్నెను వీధిలోకి తెచ్చి మాట్లాడారు. 1993లో రాష్ట్రంలో సారా ఆగిపోయింది. దానివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఎవరూ కొలవలేదు గానీ, లోపలికి తిరిగే కోపం బయటికి తిరగడం మాత్రం ఊళ్ళు చూశాయి.

ఇంతవరకు చెప్పింది మొదటి ప్రశ్న గురించి. రెండోదానికి రుజువు కూడా శ్రీలంకలోనే ఉంది. 1995లో అక్కడి ఆత్మహత్యల రేటు లక్షకు 47. ప్రపంచంలో అతి ఎక్కువ రేట్లలో అదొకటి. అంతర్యుద్ధం, నిరుద్యోగం, తాగుడు, పల్లె పేదరికం అని ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. అన్నీ ఉన్నవే. 1995లోనూ, 1998లోనూ, మళ్ళీ 2008-2011 మధ్యా ఆ ప్రభుత్వం మనుషులకు అత్యంత ప్రమాదకరమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోయింది. వాటి పేర్లు ఇక్కడ ఇవ్వను, పాఠకుడికి వాటితో పనిలేదు. 2005 నాటికి రేటు సగమైంది. మరో పదేళ్ళకు 70 శాతం దాకా తగ్గింది. పంట దిగుబడి తగ్గలేదు. యుద్ధం 2009 దాకా సాగుతూనే ఉంది. ఇంకో విషయం చూడండి. విషం తాగి ఆసుపత్రికొచ్చేవాళ్ళ సంఖ్య ఈ కాలంలో తగ్గలేదు, పైగా పెరిగింది. అంటే ఇళ్ళల్లో గొడవలు అలాగే ఉన్నాయి, అవమానాలు అలాగే ఉన్నాయి, ప్రయత్నాలు అలాగే ఉన్నాయి. కాకపోతే వచ్చినవాళ్ళు బతికి ఇంటికెళ్ళారు.

దీనికి మూలం ఆ నిర్ణయం ఎంత తొందరగా జరిగిపోతుందన్న దాంట్లో ఉంది. ఎన్నాళ్ళుగానో ఆలోచించి, ఏర్పాట్లు చేసుకుని చేసే చర్య అని మనం ఊహించుకుంటాం. అలాంటివీ ఉంటాయి. శ్రీలంకలో, చైనాలో బతికి బయటపడ్డవాళ్ళను అడిగితే చాలామంది ఆ ఆలోచనకూ చేతకూ మధ్య అరగంట కూడా లేదన్నారు. ఏది వాడాలని ఎంచుకున్నదీ లేదు, ఇంట్లో ఏది ఉంటే అది. పట్నంలో ఆ అరగంటలో చేతికందేది ఒకటి, పత్తి పండే ఊళ్ళో అందేది ఒకటి. ఆ తుఫాను దాటినవాళ్ళు తర్వాత మళ్ళీ అదే పని చేస్తారు, ఆపి ప్రయోజనం లేదు అనేది ఇంకో అపోహ. ఒకసారి ప్రయత్నించినవాళ్ళకు ముప్పు మామూలువాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, నిజమే. అయినా ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా ఆత్మహత్యతో పోలేదు.

మరి మందు డబ్బాకు తాళం వేస్తే సరిపోతుందా? అదీ చూశారు. శ్రీలంకలోనే 180 ఊళ్ళను తీసుకుని, సగం ఊళ్ళలో ఇంటింటికీ తాళం వేసుకునే పెట్టెలిచ్చి కొన్నేళ్ళు గమనించారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశే. పెట్టెలున్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ తేడా లేదు. తాళంచెవి కూడా ఆ ఇంట్లోనే ఉంటుందిగా. తమిళనాడులో స్నేహ సంస్థకు చెందిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఊరంతటికీ కలిపి ఒకేచోట లాకర్లు పెట్టి చూసింది. ఆ చిన్న ప్రయోగం ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి గానీ పెద్ద ఎత్తున తేలలేదు. ఇంతవరకు గట్టిగా నిలిచింది దుకాణానికే ఆ సరుకు రాకుండా చేయడం. మన దేశం 2018లో 18 పురుగుల మందుల్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆపాల్సినవాటి జాబితా ఇంకా ఉంది. దాని మీద పోరాటం వ్యవసాయ శాఖ ఫైళ్ళలో జరుగుతుంది, ఆరోగ్య శాఖ ఫైళ్ళలో కాదు. ఆత్మహత్యల నివారణలో అతి పెద్ద ఆయుధం మనస్తత్వ నిపుణుల చేతిలో లేకపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసినా పైకి తక్కువగా చెప్పుకునే సంగతి.

బతికి వార్డులోంచి బయటికొచ్చే మనిషి విషయానికొద్దాం. ఏరియా ఆసుపత్రి డిశ్చార్జి చీటీలో విషానికి చేసిన వైద్యం ఉంటుంది. ఎందుకలా జరిగిందో ఒక్క ముక్క ఉండదు. ఆ మనిషి అదే ఇంటికి, అదే అరుగు దగ్గరికి, ఇప్పుడు ఇంకో మచ్చతో వెళుతుంది. ముప్పు అతి ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి వారాలూ నెలల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నై, కొలంబో సహా అయిదు దేశాల్లోని అయిదు చోట్ల 1,867 మందితో ఒక ప్రయోగం చేసింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి పంపేముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిది సార్లు ఫోను చేయడమో ఇంటికెళ్ళి పలకరించడమో, అంతే. 18 నెలలకు మొదటి గుంపులో నూటికి 2.2 మంది ఆత్మహత్యతో పోతే రెండో గుంపులో 0.2. పలకరించింది పెద్ద డాక్టర్లేమీ కాదు, కొంత శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది. ఎలా ఉన్నావని, మళ్ళీ అలాంటి ఆలోచనలొస్తున్నాయా అని సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన ఇళ్ళలో భయపడతారు. అడగడం వల్ల ముప్పు పెరగదని, చాలాసార్లు గుండెబరువు దిగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

విదర్భలో పత్తి రైతుల అమరావతి జిల్లాలో ముప్పై ఊళ్ళలో విశ్రామ్ అనే కార్యక్రమం ఇంకాస్త ముందుకెళ్ళింది. ఊరివాళ్ళనే ఎంచుకుని శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. కుంగుబాటు ఉన్నవాళ్ళలో వైద్యం అందుతున్నవాళ్ళు 4.3 శాతం నుంచి ఏడాదిన్నరలో 27.2కి పెరిగారు. ఆత్మహత్య ఆలోచనలొస్తున్నాయని చెప్పేవాళ్ళు 5.2 శాతం నుంచి 2.5కి తగ్గారు. నాకు ఇంకా నచ్చిన ప్రయత్నం 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్. అక్కడ ఫోనెత్తినవాళ్ళు ఊరడించి ఊరుకోలేదు. పాసు పుస్తకం ఆగిపోయిందంటే తహసీల్దారు ఆఫీసుకు, బీమా రాలేదంటే వ్యవసాయ శాఖకు ఆ కాగితాన్ని వెంటపడి తీసుకెళ్ళారు. ఒక్కోసారి మనిషికి కావలసింది కౌన్సెలింగ్ కాదు, మ్యుటేషన్.

మనసు బరువెక్కినవాళ్ళు, వాళ్ళ గురించి బెంగపడే ఇంటివాళ్ళు 14416కు ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అది, డబ్బు పడదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు డిశ్చార్జి చీటీ మీద అచ్చువేయించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. వారానికోసారి ఎలాగూ ఆ వీధికి వెళ్ళే ఆశా కార్యకర్తకు, మొదటి మూడు నెలలు ఆ గుమ్మం దగ్గర పది నిమిషాలు ఆగమని చెప్పడానికీ అక్కర్లేదు. ఆమెకు గర్భిణుల జాబితా ఇస్తారు, టీకాల జాబితా ఇస్తారు, క్షయ రోగుల జాబితా ఇస్తారు. ఆసుపత్రి నుంచి ఇలా తిరిగొచ్చినవాళ్ళ జాబితా మాత్రం ఎవరూ ఇవ్వరు.